ఒక జిన్, ఒక అల్లం సోడా

తన బార్‌లో జిన్‌లో నీళ్లు కలుస్తున్నాయని ఓనరమ్మకు అనుమానం. కలిపేది బార్‌టెండరేనని నమ్మకం. రుజువు మాత్రం లేదు.

“మా కస్టమర్లు నాలుగు పెగ్గులు వేసి, గీత గీసినట్టు నడుచుకుంటూ ఇంటికెళ్తున్నారు చెల్లీ,” అంది. “బార్ నడిపేదానికి ఇంతకంటే అవమానం ఉంటుందా?”

ఎదురుగా కూర్చున్న ఆవిడను ఆ వ్యాపారంలో అందరూ నాలుకమ్మ అంటారు. ఒక్క గుక్క తాగి సీసాలో ఏముందో, ఎంతుందో, ఎవడు కలిపాడో చెప్పేస్తుందని పేరు. ఎవడు కలిపాడో అన్నది జనం చేర్చిన మాట. మిగతాది నిజం.

“రెండు వారాలు రోజూ సాయంత్రం మామూలు కస్టమర్‌లా వచ్చి కూర్చో. కలిపాడని నువ్వంటే వాణ్ణి ఆ రోజే ఇంటికి పంపేస్తాను. లేదంటావా, నోరు మూసుకుంటాను. నీ మాటే తీర్పు.”

నాలుకమ్మ సరే అంది. తనకు మూడో నెల అని చెప్పలేదు.

డాక్టరమ్మ ఒక్క చుక్క కూడా వద్దంది. “రుచి చూసి ఉమ్మేస్తే?” అని అడిగితే కళ్లజోడు తీసి ఒక చూపు చూసింది. అదే జవాబు. కానీ తాగని నాలుకను పనికి పిలిచేదెవరు? ఈ సంగతి బయటికి పొక్కితే, ఆమె కుర్చీలో కూర్చోడానికి వేరే నాలుకలు కాచుకుని ఉన్నాయి.

మొదటి సాయంత్రం ఆమె మూల టేబుల్ ఎంచుకుంది. కుర్చీ పక్కన కుండీలో ఒక మొక్క. ఆకులు ఎండి వేలాడుతున్నాయి, మట్టి బీటలు వారింది. దానికి నీళ్లు పోయడం ఎవరి పనో తేలక, ఎవరూ పోయడం లేదు.

“ఒక జిన్. ఏమీ కలపొద్దు. మందు లేనిది కూడా ఏదైనా ఒకటి ఇవ్వు.”

“అల్లం సోడా చేసిస్తాను మేడమ్. నిమ్మరసం, పుదీనా, చిటికెడు ఉప్పు. కడుపు చల్లబడుతుంది.”

రెండు గ్లాసులూ వచ్చాయి. జిన్ వాసన తలుచుకుంటేనే ఆమెకు వాంతి వచ్చేలా ఉంది. ఊపిరి బిగబట్టి గ్లాసు పెదాల దాకా ఎత్తి, దించింది. బార్‌టెండర్ ఆమెకు వీపు పెట్టి, సీసాల అర వెనక గోడంతా పరిచిన అద్దం ముందు నిలబడి గ్లాసులు తుడుస్తున్నాడు. ఆమె చెయ్యి పక్కకు వాలింది. గ్లాసులోది కుండీలోకి పోయింది.

‘ఎలాగూ పోయేదే,’ అనుకుంది మొక్కను చూసి. ‘కాస్త హుషారుగా పోతుంది.’

తర్వాత అల్లం సోడా తాగింది. నెల రోజులుగా గొడవ చేస్తున్న కడుపు అప్పుడు నోరు మూసుకుంది. ఇంకొకటి తెమ్మంది.

రోజూ ఇదే వరస. జిన్ కుండీకి, సోడా తనకి. అల్లం విసుగొస్తుందేమోనని అతను ఒకరోజు కీరా, పుదీనా నూరి వడకట్టి సోడా పోసిచ్చాడు. ఇంకోరోజు నల్లద్రాక్ష రసం, పొడుగు కాడున్న గ్లాసులో, అంచుకు నిమ్మచెక్క గుచ్చి. అన్నీ అప్పటికప్పుడు పిండినవే. వాటిలో కల్తీ లేదని ఆమె ఒట్టేసి చెప్పగలదు.

“జిన్ ఒక్క గుక్కలో అయిపోతుంది, దీనికి మాత్రం గంట పడుతుందేంటి మేడమ్?” అన్నాడు ఒకసారి.

“జిన్‌దేముంది, ఎక్కడైనా దొరుకుతుంది.”

“అదీ నిజమే. ఇంకొకటి పొయ్యనా?”

“పొయ్యి.”

గ్లాసు అంచు దాకా పోశాడు. అడక్కుండానే కొసరు వేసేవాడు దొంగెలా అవుతాడు అనుకుంది నాలుకమ్మ.

గడువు దగ్గరపడేకొద్దీ ఆమె లెక్క తేలిపోయింది. కలిపాడంటే, తను తాగకుండానే ఒక మనిషి పొట్ట కొట్టినట్టు. కలపలేదంటే ఎవరికీ నష్టం లేదు. నాలుకకున్న పేరూ నిలుస్తుంది.

తీర్పు రోజు మధ్యాహ్నం, బార్ తెరవకముందే ఓనరమ్మ ఇద్దర్నీ పిలిపించింది. కుర్చీలు ఇంకా టేబుళ్ల మీద బోర్లించే ఉన్నాయి.

“పక్కా సరుకు అక్కా,” అంది నాలుకమ్మ. “రోజూ తాగాను. చుక్క నీళ్లు కలిసినా నా నాలుక పట్టేస్తుంది. నీకు తెలుసుగా.”

ఓనరమ్మ బార్‌టెండర్ వైపు తిరిగింది. “నిన్ను ఊరికే అనుమానించానురా.”

“మేడమ్ నోటి చలవ,” అన్నాడతను. అడక్కుండానే అల్లం సోడా కలిపి నాలుకమ్మ చేతికిచ్చాడు.

“హమ్మయ్య, ఒక పీడ వదిలింది. ఆ ఎండుపుల్లను కూడా తీసి అవతల పారేస్తాను,” అంటూ ఓనరమ్మ మూలకి నడిచింది. కుండీ ఎత్తబోయి ఆగింది. వంగి చూసింది. మట్టిలో వేలు గుచ్చింది.

ఎండుటాకులు రాలిపోయిన చోటల్లా చిగుళ్లు వచ్చి ఉన్నాయి. ఒక కొమ్మకు మొగ్గ కూడా తొడిగింది.

నాలుకమ్మ చేతిలో గ్లాసు నోటి దాకా వచ్చి ఆగిపోయింది. బార్‌టెండర్ అటు తిరిగి, తుడిచిన గ్లాసునే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. అతని ఎదుట అద్దంలో మూల టేబుల్, కుర్చీ, కుండీ అన్నీ కనిపిస్తున్నాయి.

“చచ్చిందనుకున్నాను,” అంది ఓనరమ్మ నడుం నిలబెట్టుకుంటూ. “రోజూ దీనికి నీళ్లు పోస్తున్న పుణ్యాత్ములు మీ ఇద్దరిలో ఎవరు?”