పెదవుల సాక్ష్యం

“ఏ జంతువు?” అని అడిగాడు ఫుట్‌బాల్ లీగు జడ్జి, కలం మూత తీసి పట్టుకుని.

నెరేయో తల వంచుకున్నాడు. “నేనేమీ అనలేదండీ.”

“అన్నావని రిఫరీ రాశాడయ్యా. నీ పెనాల్టీ కిక్ గోలు స్తంభానికి తగిలి బయటికి పోగానే, దేవుణ్ణి ఏదో జంతువుతో కలిపి తిట్టావట. అవతల బ్యాండుమేళం హోరులో ఏ జంతువో వినబడలేదట. అన్న మాట అన్నట్టుగా రికార్డుకి ఎక్కకపోతే నేను శిక్ష వెయ్యలేను. రూలు అలా ఉంది.”

ఇటలీలోని వెనెటో పల్లెల్లో దేవుణ్ణి తిట్టడం వింతేమీ కాదు. ట్రాక్టరు కదలకపోయినా తిడతారు, కదిలినా తిడతారు. తిట్టు పడని మాట అక్కడివాళ్ళకి ఉప్పులేని పొలెంటా సంకటిలా ఉంటుంది. అయితే ఆట మధ్యలో తిడితే మాత్రం ఒక మ్యాచి నిషేధం. నెరేయో ఖర్మ కొద్దీ ఆ ఒక్క మ్యాచీ ఆదివారం జరగబోయే ఫైనలు. పంతొమ్మిదేళ్ళుగా విల్లామోరా చర్చి జట్టుకి ఆడుతున్నాడు, ఒక్క ఫైనలు ఎరగడు. అతని మోకాలు చూసిన డాక్టరు, ఈ సీజనుతో సరి అనేశాడు.

“వెయ్యండి శిక్ష,” అన్నాడు పక్క కుర్చీలోంచి డాన్ ఎలీజియో. ఊరి ఫాదరూ ఆయనే, జట్టు ప్రెసిడెంటూ ఆయనే. పోయిన ఆదివారం మ్యాచి అయినప్పటినుంచీ గొంతు పూర్తిగా పోయింది, గుసగుసగా తప్ప మాట రావడం లేదు. పాపం చలిగాలి తగిలిందని ఊళ్ళో ఆడవాళ్ళు వంతులవారీగా తేనె పంపిస్తున్నారు.

“ఫాదర్, మీరు నా తరఫున మాట్లాడాలి కదండీ!”

“నేను ముందు దేవుడి తరఫు. బట్టలు మార్చుకునే గదిలో ‘పైవాడు వింటున్నాడు’ అని అంత పెద్ద బోర్డు పెట్టించానా లేదా? అది చదవడానికి నీకు కళ్ళు లేవా? నోరు అదుపులో పెట్టుకోలేనివాడికి ఫైనలెందుకురా?”

నెరేయోకి ఏడుపొచ్చినంత పనైంది.

జడ్జి తలుపు వైపు చూసి, “సిస్టర్‌గారిని రమ్మనండి,” అన్నాడు.

గోల్‌కీపరు భార్య ఆ పెనాల్టీని ఫోనులో వీడియో తీసింది. అందులో బ్యాండు మోత తప్ప ఇంకేమీ వినబడదు. అందుకని చెవిటి పిల్లల బడిలో నలభై ఏళ్ళు పాఠాలు చెప్పిన సిస్టర్ లిదువీనాని పిలిపించారు. పెదవులు కదిలితే చాలు, మాట చెప్పేస్తుందావిడ.

జడ్జి కాస్త ఇబ్బందిగా కదిలాడు. “సిస్టర్, ఏం చదివితే అది పైకి చెప్పాలి మీరు. ఎంత చెడ్డ మాటయినా సరే.”

“చెప్తాను నాయనా. అరవై ఏళ్ళుగా ఈ జిల్లాలోనే ఉన్నాను. నాకు తెలియని జంతువు లేదు.”

గోడమీది టీవీలో వీడియో వేశారు. బంతి స్తంభానికి తగిలింది. వెనకాల జట్టు బెంచీ, ముందు నెరేయో మొహం తెరమీదికొచ్చాయి, నోరు తెరుచుకుంది. ఆ నోట్లోంచి వచ్చింది పంది అని, దాని ముందు ఎవరి పేరుందో కూడా, నెరేయోకి బాగా తెలుసు. కళ్ళు మూసుకున్నాడు.

“మళ్ళీ వెయ్యండి,” అంది సిస్టర్.

మళ్ళీ వేశారు.

“చూశారుగా సిస్టర్, చెప్పెయ్యండి,” అన్నాడు ఫాదర్.

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, లేచి వెళ్ళి తెరకి ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడింది. “ఇంకొక్కసారి. నెమ్మదిగా.”

“ఇంకా ఎందుకమ్మా? వీడి పాపం పండింది, అంతే,” అని గొంతు పట్టుకుని దగ్గాడు ఫాదర్.

మూడోసారి కూడా చూసి సిస్టర్ వెనక్కి తిరిగింది. చేతులు కట్టుకుంది.

“‘అమ్మా మరియమ్మా, నా మోకాలు’ అన్నాడు. జంతువేమీ లేదు.”

“రూఢిగానా?”

“నలభై ఏళ్ళు నేను చేసిన పనే అది.”

జడ్జి అదే మాట రాసుకుని, కలానికి మూత పెట్టాడు. “నిషేధం లేదు. వెళ్ళి ఆడుకోవయ్యా.”

ఫాదర్ ఏదో అనబోయాడు గానీ గొంతు సహకరించలేదు. విసురుగా లేచి వ్యాను తియ్యడానికి కిందికి వెళ్ళిపోయాడు.

నెరేయో వరండాలో సిస్టర్‌ని అందుకున్నాడు. సంతోషంగానే ఉంది, కానీ నిజం చెప్పకుండా ఉండలేకపోయాడు.

“సిస్టర్, నేను... పంది అన్నానండీ.”

“తెలుసు. నేనేమన్నా గుడ్డిదాన్నా?”

“మరి అబద్ధం చెప్పారే! మీకు పాపం కదండీ?”

“పాపమే. రేపు పొద్దున్నే ఒప్పుకుంటాను.”

“ఎవరి దగ్గర? మా ఫాదర్ దగ్గరేనా? అమ్మో, ఆయన మిమ్మల్ని బతకనివ్వడు!”

“క్షమిస్తాడులే నాయనా,” అంది సిస్టర్ లిదువీనా, మెట్లు దిగడానికి అతని చెయ్యి ఆసరా తీసుకుంటూ. “నీ పంది నాకు మొదటిసారే తెలిసిపోయింది. మళ్ళీ మళ్ళీ వేయించుకున్నది, నీ వెనకాల బెంచీ మీదెక్కి ఆయన అరిచినదాంట్లో మొత్తం ఎన్ని జంతువులున్నాయో లెక్క తేలక.”