వెనకగదిలో రైఫిల్

టిక్కెట్టు లేని ముసలాయన ఒకడు గుమ్మంలో నిలబడి కదలనంటున్నాడని టిక్కెట్లు చూసే ఓరిన్ వచ్చి చెప్పాడు.

వెర్న్‌కి చిర్రెత్తింది. తుపాకి హక్కుల సంఘానికి ఏడాదికోసారి చందాలు పోగుచేసే విందు అది. ఆ ఊరి శాఖకి అతనే అధ్యక్షుడు. మాజీ సైనికుల హాల్లో బల్లలన్నీ నిండిపోయాయి. ప్రార్థన అయింది, జెండా వందనం అయింది, మాంసం కోసి వడ్డిస్తున్నారు. లాటరీకి పెట్టిన తుపాకులు గోడ పొడుగునా వరసగా ఉన్నాయి. ఇంత హడావుడిలో ఈ పేచీ ఒకటి.

పైగా అతని మనసంతా వేదిక వెనక దుప్పటి కప్పి దాచిన ఒక రైఫిల్ మీదే ఉంది.

అది వాళ్ళ తాతది. తమ్ముడు డేల్ వాటాకి వచ్చింది. కిందటేడు భార్య పోయిన దగ్గర్నుంచీ డేల్ మనిషి మనిషిలా లేడు. ఈసారి జింకల వేటకి కూడా రాలేదు. రైఫిల్ ఏదిరా అంటే రిపేరుకిచ్చానన్నాడు.

నిన్న పక్క జిల్లాలో ఓ తుపాకుల కొట్టుకి వెళితే, తెరిచిన తలుపులోంచి వెనకగదిలో ఆ రైఫిల్ కనిపించింది. తమ ఇంటిపేరు రాసిన చీటీ వేలాడుతోంది. డబ్బుకి ఇబ్బందై తాకట్టు పెట్టాడు కాబోలు, సిగ్గుపడి చెప్పలేదు అనుకుని వెర్న్ అక్కడికక్కడే విడిపించబోయాడు. యజమాని ఊళ్ళో లేడు. కొట్టు చూసుకుంటున్న ఆయన చెల్లెలు, ఇంటిపేరు ఒకటే కదా అని తీసి ఇచ్చేసింది. ఎంతివ్వాలంటే ఏమీ అక్కర్లేదంది.

తాత రైఫిల్ చేతికొస్తే తమ్ముడు మళ్ళీ నవ్వుతాడని వెర్న్ ఆశ.

గుమ్మంలో ముసలాయన టోపీ మీద మంచు ఇంకా కరగలేదు.

“వెర్న్ అంటే మీరేనా బాబూ?”

“నేనే. చెప్పండి పెద్దాయనా.”

“మీ తమ్ముడి రైఫిల్ అతనికి ఇచ్చేశారా?”

“భోజనాలయ్యాక ఇస్తాం, అందరి ముందూ. అయినా మీకెందుకు?”

ముసలాయన టోపీ తీసి చేతుల్లో నలిపాడు. “ఇవ్వొద్దు బాబూ. కొన్నాళ్ళు ఆగండి.”

ఓరిన్ పకపకా నవ్వాడు. “విన్నావురా వెర్నూ? తుపాకి ఇవ్వొద్దంట. ఆ మాట చెప్పడానికి ఈయనకి మన గుమ్మమే దొరికింది.”

“ఎందుకివ్వకూడదు?” అన్నాడు వెర్న్.

“అది నేను చెప్పకూడదు, మాటిచ్చాను. డేల్‌తో ఒక్క నిమిషం మాట్లాడనివ్వండి. అతనే మీకు చెప్తాడు.”

“కిందటేడొకడు ఇలాగే తియ్యగా మాట్లాడి లోపలికొచ్చాడు,” ఓరిన్ గొణిగాడు. “గుండీలో కెమెరా పెట్టుకుని. మనందర్నీ పిచ్చోళ్ళని చేసి ఊరంతా నవ్వేలా టీవీలో చూపించాడు. మర్చిపోయావా?”

వెర్న్ మర్చిపోలేదు. ఆ నవ్వుకి అతని భార్య నెలరోజులు చర్చికి వెళ్ళలేకపోయింది.

“నేనూ ఈ సంఘంలో వాణ్ణే బాబూ. మీరు పుట్టకముందు నుంచీ.”

“ఈ సంఘంలో వాడెవడూ ఒకడి తుపాకి వాడికివ్వొద్దనడు. దయచేయండి.”

“పోనీ, ఇవాళ అతన్ని మీ ఇంటికి...”

ఓరిన్ అప్పటికే ఆయన రెక్క పట్టుకున్నాడు. మంచులో ట్రక్కు దాకా నడిపించి, అది రోడ్డెక్కి కనుమరుగయ్యేదాకా అక్కడే కాపలా కాశాడు.

దుప్పటి తీయగానే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. వేదిక మీద డేల్ మొహం పాలిపోయింది. చెయ్యి చాపడానికి కాసేపు పట్టింది.

“ఆయనే ఇచ్చాడా?” అన్నాడు.

చప్పట్లలో వెర్న్‌కి సరిగా వినపడలేదు. “నీదేరా. ఇంకెవరికీ ఇవ్వకు, నీ దగ్గరే ఉంచుకో,” అని తమ్ముడి చెవిలో చెప్పాడు.

డేల్ అన్నని కావలించుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. ఆ తర్వాత నవ్వాడు కూడా. వెర్న్‌కి సంతోషం పట్టలేక కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

తీపి వడ్డించకముందే డేల్ లేచాడు.

“అప్పుడేనా?”

“అలిసిపోయాను అన్నా.”

మర్నాడు పొద్దున ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. వెర్న్ వెళ్ళేసరికి పశువుల కొట్టం తలుపు బార్లా తీసి ఉంది. తాత రైఫిల్ డేల్ పక్కనే పడి ఉంది.

ఖననం అయ్యాక పోలీసులు రైఫిల్ తెచ్చి అప్పగించారు. దాన్ని ఇంట్లో పెట్టుకోవడం వెర్న్ వల్ల కాలేదు. ఎక్కడ దొరికిందో అక్కడే పడేద్దామని ఆ కొట్టుకే తీసుకెళ్ళాడు.

కౌంటర్ వెనక ఆ ముసలాయనే ఉన్నాడు. రెండు చేతులా రైఫిల్ అందుకున్నాడు.

వెర్న్‌కి ఒక్కటే తెలుసుకోవాలని ఉంది. “దేనికి తాకట్టు పెట్టాడు? అంత అవసరం ఏమొచ్చింది వాడికి? నన్నెందుకు అడగలేదు?”

“ఇక్కడ తాకట్టు లేదు బాబూ.”

ముసలాయన వెనకగది తలుపు తీశాడు. గోడనిండా తుపాకులు, ప్రతిదానికీ ఓ పేరు.

“మనసు బాగోలేనప్పుడు, తమ చేతికి అందకుండా ఉంచమని ఎవరిది వాళ్ళే తెచ్చి ఇచ్చుకుంటారు. ఇంట్లో చెప్పొద్దంటారు.”

గోడ మీద ఒక్క మేకు ఖాళీగా ఉంది.

“డేల్ ఆదివారం ఆదివారం వచ్చి కాఫీ తాగి వెళ్ళేవాడు,” అన్నాడు ముసలాయన, రైఫిల్‌ని పాత మేకుకి తగిలిస్తూ. “వెళ్ళేటప్పుడు తీసుకెళ్తావా అని అడిగితే, ఇంకా వద్దు, మీ దగ్గరే ఉండనీ అనేవాడు.”