తెగిన కేబుల్

అందరి బళ్లూ బాగుచేసే మెకానిక్‌కి సొంత బండి స్పీడు మీటరు చూసుకునే తీరిక ఏళ్ల తరబడి దొరకలేదు. ఆ రాత్రి షట్టరు సగం దించాక, నడుం పట్టేసినా సరే, ఇక వాయిదా వేయకూడదనుకున్నాడు. ముందు చక్రం నుంచి మీటరుకి వెళ్లే కేబుల్ విప్పి బయటికి లాగాడు. మధ్యలో తెగిపోయి ఉంది.

"ఇంతేనా నీ రోగం!" అంటూ ఆవులించాడు.

కేబుల్ ముక్కలు చేతిలో ఉండగానే మీటరు ముల్లు లేచింది.

బండి స్టాండు మీదే ఉంది. ఇంజన్ చల్లగా ఉంది. ముల్లు మాత్రం నలభై దగ్గర వణుకుతోంది. నిద్రమత్తేమోనని మొహం కడుక్కొచ్చాడు. అప్పుడే ముల్లు పడిపోయి, మళ్లీ లేచింది, వీధి చివర స్పీడ్ బ్రేకరు దాటినట్టు. తర్వాత వంతెన మీద అతను రోజూ పోయే వేగం. తర్వాత తమ సందు మలుపులో నెమ్మదించింది. ఇంటి దారి అతనికి కంఠతా వచ్చు. ముల్లుకీ వచ్చినట్టుంది.

ముల్లు సున్నా దగ్గర ఆగింది.

బండి చప్పుడు ఆగగానే వచ్చి తలుపు తీయడం భార్యకి అలవాటు. వెంటనే ఆమెకి ఫోన్ చేశాడు.

"గుమ్మంలో నిలబడి ఫోనేంటి? వస్తున్నా ఉండు," అంది ఆమె, నిద్రగొంతుతో.

"తీయకు! నేనింకా షెడ్డులోనే..."

ఫోన్‌లో గడియ చప్పుడు వినిపించింది. ఆ వెనకే, కాస్త దూరంగా, ఆమె గొంతు:

"అయ్యో, మొహమంతా పీక్కుపోయిందేంటి? రా, లోపలికి రా."