ఖాళీ గడి

కోకాపేట ఆఫీసుకు బయలుదేరుతూ మనుమరాలు రసజ్ఞ ల్యాప్‌టాప్ నా ముందు పెట్టింది. వచ్చే పదేళ్లలో దేశానికి ఎంతమంది నర్సులు కావాలో తేల్చే లెక్క అందులో ఉంది. మధ్యాహ్నం ఢిల్లీకి పంపాలి.

"హెడ్ నర్సుగా ముప్పై ఏళ్లు డ్యూటీ చార్టులు వేశావు కదా అమ్మమ్మా, తప్పులుంటే చెప్పు."

పట్టికలో రిటైరయ్యేవాళ్లు ఉన్నారు, విదేశాలకు వెళ్లేవాళ్లూ ఉన్నారు. ప్రసూతి సెలవుల గడి మాత్రం ఖాళీ.

"ఏమే, నీ నర్సులకు పిల్లలు పుట్టరా? ఇలాగే పంపితే రేపు వార్డుల్లో రోగుల్ని ఎవరు చూస్తారు? ఇంత చదివి ఇది మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. పంపే కాపీలో ఆ అంకె ఉంది."

"మరి నాకిచ్చినదాంట్లో ఎందుకు తీసేశావు?"

రసజ్ఞ సిగ్గుపడుతూ నవ్వింది.

"రెండు రోజులుగా నీకెలా చెప్పాలో తెలియక, ఆ మాట నువ్వే ఎత్తుతావని. మార్చి నుంచి ఆ సెలవు నాకూ కావాలి."