హాలు మారింది

తలుపు తీసేసరికి గుమ్మంలో ఎవరో పెద్దావిడ నిలబడి ఉంది. ఎండకు మొహం కందిపోయింది. ఒక చేతిలో గుడ్డసంచి, ఇంకో చేతిలో పాత ఫోను.

“పెళ్ళివారిల్లు ఇదేనామ్మా?”

“ఇదే. మీరెవరు?” అంది పెళ్ళికూతురు.

“కొత్త హాలు ఎక్కడో కనుక్కుందామని, మీ అడ్రసు అడిగి తెలుసుకుని వచ్చాను తల్లీ. మీ కార్డు మీద...”

కార్డు మాటెత్తితే చాలు, పెళ్ళికూతురికి ఒళ్ళు మండుతోంది. ఖర్చు కలిసొస్తుందని పెళ్ళికార్డులు తనే చేసుకుంది. అట్టలు కోసి, అంచులు అతికించి, ఇంట్లో ప్రింటరు మీద తీసేసరికి నడుం పడిపోయింది.

తీరా అన్నీ అయ్యాక, అనుకున్న హాలు పైకప్పు పెచ్చులూడిందని తాళం వేశారు.

మళ్ళీ కార్డులు చేసే ఓపికా లేదు, డబ్బూ లేదు. అందుకని పెద్ద రబ్బరు ముక్క మీద బ్లేడుతో అక్షరాలు తిరగేసి చెక్కి, సొంతంగా ముద్ర తయారుచేసింది. ‘హాలు మారింది. ఈ నెంబరుకు ఫోన్ చేయండి.’ కింద తన నెంబరు. బ్లేడుకు గుండ్రాలు తిరగక అంకెలన్నీ మూలలు తేలాయిగానీ, ముద్ర నల్లగా నిగనిగలాడుతూ పడింది. ప్రతి కార్డు మీదా గుద్దేసింది.

ఆ తర్వాత కొత్త హాలు కుదిరింది. కార్డులన్నీ చేరాయి. కానీ పెళ్ళెక్కడని అడుగుతూ ఒక్క నరమానవుడూ ఫోన్ చేయలేదు. రేపు హాలు బోసిపోతే అత్తవారి ముందు తలెత్తుకునేదెలా అని ఆమెకు ఒకటే బెంగ. పిలిచినవాళ్ళ జాడలేదు, పిలవని పేరంటం మాత్రం గుమ్మంలోకొచ్చింది.

“మీరు ఎవరి తరఫు?”

పెద్దావిడ తడబడింది. “ఎవరి తరఫూ కాదమ్మా. అదే చెబుదామని...”

“మరి హాలుతో మీకేం పని?”

“పనుంది తల్లీ. కాస్త చెప్పు.”

“బస్సు డిపో వెనక, స్కూలు హాలు. చాలా?”

చాలలేదు. “లోపలికి మెట్లున్నాయా? చక్రాల కుర్చీ వెళ్తుందా? కార్లు ఎక్కడ పెట్టుకోవాలి?”

పెళ్ళికూతురికి సహనం చచ్చిపోయింది. “వెనక గేటు దగ్గర ఏటవాలు దారుంది. కార్లకు గ్రౌండుంది. వంటలేమిటో కూడా చెప్పమంటారా?”

పెద్దావిడ నొచ్చుకోలేదు. విన్నదంతా పెదవుల మీదే ఒకసారి అప్పజెప్పుకుంది.

“కాసిని మంచినీళ్ళు...” అనేలోపే తలుపు పడింది.

“ఎవరే?” వంటింట్లోంచి తల్లి అడిగింది.

“పెళ్ళిభోజనాల బాపతు. సకుటుంబ సపరివార సమేతంగా దిగేలా ఉంది.”

పెళ్ళిరోజు హాల్లో ఇసకేస్తే రాలనంత జనం. పెళ్ళికూతురు నమ్మలేకపోయింది. దారి అడగకుండా ఇంతమందీ ఎలా వచ్చారో ఆమెకు అంతుబట్టలేదు.

“నా కూతురి పెళ్ళిని దేవుడే గట్టెక్కించాడు,” అని తల్లి కళ్ళు తుడుచుకుంది.

అంతలో వెనక వరసలో అదే గుడ్డసంచి కనబడింది. పెద్దావిడ ఓ పక్కగా కూర్చుని, వచ్చేవాళ్ళందరినీ తెలిసినవాళ్ళలా తృప్తిగా చూస్తోంది.

పెళ్ళికూతురు మేనమామను పిలిచింది. “మావయ్యా, ఆవిణ్ణి పంపించెయ్.”

“పోనీలే అమ్మాయ్, ముసలామె. ఒక ముద్ద తింటే మనకేం తరిగిపోదు.”

“ఎవరి తరఫూ కాదని తనే చెప్పింది. మగపెళ్ళివారు చూస్తే పరువు పోతుంది.”

మేనమామ అయిష్టంగా వెళ్ళి ఆవిడ చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ సంచి సర్దుకుని లేచింది. ఆయన వెంట గేటు వైపు నడుస్తుంటే ఫోను మోగింది. దాన్ని చెవిన పెట్టుకునే బయటికి వెళ్ళిపోయింది.

కాసేపటికి, ఊరి నుంచి విడిగా కారులో వచ్చిన పెళ్ళికొడుకు నాయనమ్మ చక్రాల కుర్చీలో వచ్చి పెళ్ళికూతురి గడ్డం పట్టుకుంది.

“ఎంత ఓపికమ్మా నీకు. వెనక గేటు నుంచి రమ్మనకపోతే ఈ కుర్చీతో నేను మెట్ల దగ్గరే ఆగిపోయేదాన్ని. మావాడు మాటిమాటికీ దారి తప్పినా ఫోన్లో విసుక్కోకుండా చెప్పావు.”

“నేనా?”

“గొంతు కాస్త పెద్దదానిలా ఉంది. మీ అమ్మేమో అయితే.”

“నాకెవరూ ఫోన్ చేయలేదండీ,” అంది తల్లి.

“అదేమిటి? మీ కార్డు మీదున్న నెంబరుకే కదా చేశాం,” అని నాయనమ్మ ఒడిలోని కార్డు తీసి చూపించింది.

పెళ్ళికూతురు నెంబరు చివర రెండు. కార్డు మీద చివర ఐదు.

రబ్బరు మీద అన్నీ తిరగేసి చెక్కింది, ఆ ఒక్క రెండుని మాత్రం తిన్నగా చెక్కేసింది. కాగితం మీద అది తిరగబడి, మూలలు తేలిన ఐదై కూర్చుంది. ప్రతి కార్డు మీదా అంతే.

మేనమామ ఫోను లాక్కుని ఆ నెంబరు నొక్కింది. అటు నుంచి బస్సు చప్పుడు. దాని వెనకే అలసిన గొంతు.

“పెళ్ళికేనా నాయనా? బస్సు డిపో వెనక, స్కూలు హాలు. వడ్డన మొదలైంది, తొందరగా వెళ్ళండి. నేనూ ఇప్పుడే అక్కణ్ణుంచే వస్తున్నాను. పిల్ల ముచ్చటగా ఉంది, మనుషులూ మర్యాదస్తులు, నన్ను గేటు దాకా వచ్చి మరీ సాగనంపారు.”