ఇమామ్ జామిన్

మా మొహ్సిన్ బేస్‌బాల్‌కి బయల్దేరే ప్రతి ఆదివారం వాడి జబ్బకి ఇమామ్ జామిన్ కట్టేదాన్ని. ప్రయాణం పోయేవాళ్ళు క్షేమంగా తిరిగి రావాలని కట్టే, నాణెం కుట్టిన గుడ్డ అది. సెంబవాంగ్ గ్రౌండ్ మా ఇంటికి దగ్గరే. అయినా బంతి మొహాన తగులుతుందేమోనని నా భయం.

రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ నడుమ నిలబడి బంతులు ఆపడమే వాడి పని. ఆ పనికే కంపెనీ జట్టులో ఇన్నేళ్ళు ఉంచుకున్నారు. బ్యాట్ పడితే సున్నా.

"ఈ ఐటీ ఊపుకి ఆఫీసుల అంతా కొత్త పోరలే అమ్మీ. అందరూ బాదేటోళ్ళే," అన్నాడు ఆ మధ్య నవ్వుతూ.

మొన్న ఆదివారం వాడు వెళ్ళాక చూస్తే, బంతి పట్టే గ్లవ్ కొక్కేనికే వేలాడుతోంది. ఉత్త చేతులతో బంతి పట్టుకుంటే వేళ్ళు విరుగుతాయని పొద్దంతా దువా చదువుతూ కూర్చున్నాను.

సాయంత్రం గుడ్డ విప్పాను. చెమట లేదు, మట్టి లేదు. వాణ్ణి ఆడించడం మానేశారు.

"ఎట్ల ఆడినవ్ బేటా?"

"ఒక్క బంతి దాటనియ్యలే అమ్మీ."

"శుకర్ అల్లా కా," అన్నాను.

ఈ ఆదివారం మళ్ళీ చెయ్యి చాచాడు. కొక్కెం వైపు ఇద్దరం చూడలేదు. ఇప్పుడు ఏ దెబ్బ నుంచి కాపాడమని అడగాలో నాకు తోచలేదు. ముడి మాత్రం వేశాను.