నాంపల్లి చుట్టాలు

నాంపల్లి స్టేషన్ ముందు పరశురాం ఆటో కోసం చెయ్యెత్తాడు. ఆటో ఆగలేదు. రోడ్డు అవతల నుంచి మాత్రం ఓ పెద్దాయన, ఆయన వెనకే సంచితో ఓ పెద్దావిడ, నవ్వుకుంటూ నేరుగా అతని దగ్గరికే వచ్చేశారు.

“ఆఁ... బాగున్నారా?” అన్నాడు పెద్దాయన, రెండు చేతులూ పట్టేసుకుని.

పరశురాం గుండెల్లో రాయి పడింది. మొహం ఎక్కడో చూసినట్టే ఉంది. ఎక్కడ? ఆ దేవుడికే తెలియాలి.

ఇంకొకడైతే “మీరెవరండీ?” అని అడిగేసేవాడు. పరశురాం అడగలేడు. అడిగిన పాపానికే గదా పోయినేడాది కొంప మునిగింది! ఒక పెళ్ళిలో భార్య పద్మ సొంత మేనమామనే పట్టుకుని, “మీరు పెండ్లికొడుకు తరఫోళ్లా?” అన్నాడు మహానుభావుడు. మేనమామ విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. పద్మ ఒక్కటే మాట చెప్పింది.

“ఇంకొక్కసారి మావోళ్లను గుర్తువట్టకుంటే నేను అమ్మగారింటికి పోత. గప్పుడు నన్ను గూడ గుర్తువట్టకు.”

పద్మ అన్నంత పనీ చేసే మనిషి. పైగా ఆవిడ పెదనాన్న కూతుర్ని రాజమండ్రి వాళ్ళకిచ్చారు. ఈ పెద్దాయన మాటేమో అచ్చం గోదావరి యాస. ఇంకేముంది, వీళ్ళు వాళ్ళే!

“ఔ ఔ, మంచిగున్న!” అంటూ పరశురాం కూడా పెద్దాయన చేతులు గట్టిగా ఊపేశాడు. “ఎప్పుడొచ్చిన్రు?”

“ఇప్పుడే దిగాం. ఊరు చూసి, ఏవైనా కొనుక్కుని, సాయంత్రం బండికి వెళ్ళిపోదామని.”

“మేముండంగ మీరిద్దరే తిరుగుడేంది? పదున్రి!”

ఆఫీసుకు ఫోన్ చేసి కడుపునొప్పి అని చెప్పాడు. పెద్దావిడ చేతిలో సంచి తనే అందుకున్నాడు.

ఇరానీ హోటల్లో చాయ్ తాగిస్తూ కూపీ లాగడం మొదలుపెట్టాడు.

“మనం ఆఖరిసారి ఏడ కలిసినం?”

పెద్దాయన బిస్కెట్ చాయ్‌లో ముంచి, అది మెత్తబడి కప్పులో పడిపోయేదాకా ఆలోచించాడు. “అదే... ఆ పెళ్ళిలో కదూ?”

“ఔ, గా పెండ్లిలనే! పిల్లలు మంచిగున్నరా?”

“ఏదో, మీ దయవల్ల. మీ పిల్లలు?”

“మీ ఆశీర్వాదం.”

ఎంత మర్యాదస్తులు! పేరొక్కటి తప్ప అన్నీ చెబుతున్నారు. పరశురాంకు ఏడుపొక్కటే తక్కువ.

మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీం తినిపించాడు. ఆబిడ్స్‌లో చీరల దుకాణానికి తీసుకెళ్ళాడు. పెద్దావిడకు గుసగుస చేతకాదని అక్కడ తెలిసింది. మొగుడి చెవిలో చెబుతున్నాననే అనుకుంటుంది పాపం. బజారంతా వింటుంది.

“ఏవండీ, ఈ బట్టతలాయన రెట్టింపు చెబుతున్నాడండీ!” అని ఆవిడ గుసగుసలాడగానే, గల్లాపెట్టె దగ్గరి ఓనరుతో పాటు పక్క దుకాణం టైలరు కూడా తల తడుముకున్నాడు.

చివరికి పరశురాంకు ఓ ఉపాయం తట్టింది. ఇంటికి తీసుకెళ్తే సరి! పద్మే వరస పెట్టి, పేరు పెట్టి పిలుస్తుంది. తను నెమ్మదిగా అందుకుంటాడు.

కాచిగూడ ఇంట్లో పద్మ తలుపు తీసింది. ఇద్దర్నీ చూసి మొహం చాటంత చేసుకుంది. “అయ్యో, రండ్రి రండ్రి! ఎన్నాళ్లకొచ్చిన్రు! కూసోండ్రి!”

పరశురాం ప్రాణం లేచొచ్చింది. పద్మ గబగబా బగారన్నం వండింది. పెద్దావిడకు బొట్టు పెట్టి జాకెట్ ముక్క ఇచ్చింది. అక్కా అంటుంది, అన్నా అంటుంది, పేరు మాత్రం నోట రాదే!

పరశురాం నెయ్యి కోసం వంటింట్లోకి వెళ్ళగానే పద్మ వెనకే వచ్చి అతని మోచెయ్యి గిల్లింది.

“ఏమయ్యా, మీ తరఫోళ్లను తోల్కొచ్చేటప్పుడు జర ఫోన్ చెయ్యొద్దా? ఇంతకీ ఎవరు వీళ్లు?”

పరశురాం నెయ్యి గిన్నె గట్టు మీద పెట్టేశాడు. “మా తరఫా? మీ రాజమండ్రోళ్లు గాదా?”

“మావోళ్లు నాకు తెల్వదా! వీళ్లు వాళ్లు గాదు.”

ఇద్దరూ తలుపు సందులోంచి తొంగి చూశారు. పెద్దాయన హాయిగా రెండోసారి అన్నం పెట్టించుకోవడానికి ఇటే చూస్తున్నాడు.

“పోయి అడుగుదామా?”

“సిగ్గుండాలె! బొట్టు వెట్టి, అన్నం వెట్టి, మీరెవరని అడుగుతరా ఎవరన్న? ఎవరో మనోళ్లే. మనకు గుర్తు లేకుంటేమాయె, వాళ్లకు గుర్తుంది గద, సాలు. మనం మర్చిపోయినమని మాత్రం తెల్వనియ్యకు, ఇజ్జత్ పోతది. ముందుగాల నెయ్యి వొయ్యి.”

అంతే. ఆ తర్వాత మొగుడూ పెళ్ళాం పోటీలు పడి మర్యాదలు చేశారు. సాయంత్రం ఇద్దరూ నాంపల్లి స్టేషన్‌కు వెళ్ళి మరీ రైలెక్కించారు. పద్మ పులిహోర పొట్లం కిటికీలోంచి అందించింది. ఆ మాటకొస్తే ఆవిడకు నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“మళ్ల తప్పకుండ రావాలె!”

“మీరూ మా ఊరు రావాలి!” అన్నాడు పెద్దాయన. ఏ ఊరో చెప్పలేదు.

బండి కదిలింది. గండం గడిచిందని పరశురాం చెయ్యెత్తి ఊపాడు.

కిటికీలో పెద్దావిడ భర్త చెవి దగ్గరికి వంగి, ప్లాట్‌ఫాం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వినబడేలా గుసగుసలాడింది: “పొద్దున ఆయన అలాగే చెయ్యెత్తి పిలిచాడు, పలక్కపోతే ఏం బాగుంటుందని వెళ్ళాం గానీ... ఏవండీ, ఇప్పటికైనా గుర్తొచ్చిందా, ఎవరు వీళ్ళు?”